నాలుక కింద మాత్ర

తెనాలిలో వాన పడితే ముందు కరెంటు పోతుంది, ఆ తరవాత కబుర్లు మొదలవుతాయి. మొన్న ఆషాఢంలో ఒక రాత్రి తొమ్మిది దాటాక బీపీ మాత్రల కోసం మందుల షాపుకి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాను. షట్టరు సగానికి దించి, ఇన్వర్టరు మీద ఒక్క ట్యూబులైటు వేసుకుని కూర్చున్నాడు షాపాయన. ముప్ఫై ఏళ్ళ నుంచీ ఆ కౌంటరు వెనకే ఉన్న మనిషి. మేడ మీద క్లినిక్కు కట్టేసి దిగివచ్చిన డాక్టరమ్మ కూడా గొడుగు లేక బల్ల మీద కూర్చుండిపోయింది. ఆవిడ చదివింది జనరల్ మెడిసిన్. ఊరికి మాత్రం షుగరు డాక్టరు.

ఇంతలో షట్టరు కింద నుంచి ఒకతను వంగి లోపలికి వచ్చాడు. నెత్తిన హెల్మెట్టు తియ్యలేదు. కౌంటరు మీదికి ఒంగి ఏదో గొణిగాడు. షాపాయన కింది సొరుగు లాగి, ఏదో కాగితంలో మడిచి చేతిలో పెట్టాడు. అతను చిల్లర కూడా తీసుకోకుండా వానలో పడి పోయాడు.

తరవాత జరిగిన వాదన ఇది. నేను మధ్యలో నోరు మెదపలేదు. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

డాక్టరమ్మ: అన్నయ్యగారూ, ఏమిచ్చారతనికి?

షాపాయన: తలనొప్పి మాత్ర, డాక్టరమ్మా.

డాక్టరమ్మ: తలనొప్పి మాత్రని కాగితంలో చుట్టి ఇస్తారా?

షాపాయన: తెలిసీ అడిగితే ఎలాగండీ. నాలుగు మాత్రల షీటు. సిల్డెనాఫిల్ 50.

డాక్టరమ్మ: చీటీ ఏదీ?

షాపాయన: చీటీ అడిగితే ఏమంటారో తెలుసా మీకు? ఏమీ అనరు. వెళ్ళిపోతారు. వెళ్ళి చీటీ రాయించుకుని మళ్ళీ వచ్చినవాణ్ణి ఇన్నేళ్ళలో ఒక్కణ్ణీ చూడలేదు. అసలు మందు పేరు పెట్టి అడిగేవాళ్ళే తక్కువ. 'అన్నా, అదివ్వు' అంటాడొకడు. 'పవర్‌ది' అంటాడింకొకడు. ఫోన్లో బొమ్మ చూపించి, సగం బొమ్మకి బొటనవేలు అడ్డం పెడతాడు మరొకడు. పెద్దవాళ్ళయితే 'కాస్త నీరసంగా ఉంటోందయ్యా' అంటారు. ఏ నీరసమో మొహం చూసి నేనే పోల్చుకోవాలి. నేను ఇవ్వనన్నాననుకోండి, స్టేషను దారిలో గోడల మీద రాసే ఉంటుంది: నరాల బలహీనత, ఫలానా లాడ్జి, ఫలానా రూము, నెలకో ఆదివారం. అక్కడ వేలకి వేలు పోసి పేరు లేని పొడి తెచ్చుకుంటాడు. నా దగ్గరయితే బ్యాచి నంబరు ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది.

డాక్టరమ్మ: ఆ గోడ రాతే నేరం. మగతనం పెంచుతామని ప్రకటించకూడదని 1954లోనే చట్టం ఉంది, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమని. ఇంకా తమాషా చెప్పనా? మూలికల మందు అని అమ్మే పొడుల్లో, గొట్టాల్లో గుట్టుగా ఈ సిల్డెనాఫిల్‌నే కలుపుతారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఇలాంటివి ఎన్నోసార్లు పట్టుకుంది. ఎంత కలిపారో కలిపినవాడికే తెలియదు.

షాపాయన: చూశారా, నేనే నయం కదా!

డాక్టరమ్మ: లాడ్జివాడి కంటే నయం అనిపించుకోవడానికా మీరు బీఫార్మసీ చదివింది? మీ కౌంటరు మీద పెద్దపెద్ద అక్షరాల్లో ఏముంది? చక్కెర వ్యాధి మందుల మీద తగ్గింపు. ఇందాక వచ్చినవాడికి షుగరుందో లేదో మీకు తెలుసా? గుండె సంగతి తెలుసా? హెల్మెట్టు వెనక వయసైనా కనపడలేదు.

షాపాయన: గుండెకీ దీనికీ ఏమిటి సంబంధం? అది గుండె మందు కాదుగా.

డాక్టరమ్మ: గుండె మందే! పుట్టడం గుండె కోసమే పుట్టింది. ఇంగ్లండులో శాండ్విచ్ అనే ఊళ్ళో ఫైజర్ కంపెనీ వాళ్ళు గుండెనొప్పికి మందు వెతుకుతూ దీన్ని పరీక్షించారు. గుండెకి అంతంతమాత్రమే. కానీ వాడి చూసిన మగవాళ్ళు ఇంకో ఫలితం ఉందని చెప్పారు. అలా దారి మళ్ళి 1998 మార్చిలో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. అదే ఏడాది నోబెల్ బహుమానం ముగ్గురు శాస్త్రవేత్తలకి వచ్చింది, రక్తనాళాల గోడలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుతో సడలుతాయని కనిపెట్టినందుకు. ఈ మాత్ర పనిచేసేది సరిగ్గా ఆ దారిలోనే. మనసులో కోరిక కలిగితే అక్కడి నరాల కొసల్లో ఆ వాయువు విడుదలవుతుంది, నాళాలు సడలుతాయి, రక్తం నిండుతుంది. కాసేపటికి ఒక ఎంజైము వచ్చి ఆ సడలింపుని చెరిపేస్తుంది. మాత్ర ఆ చెరిపే చేతిని పట్టుకుని ఆపుతుంది, అంతే. కోరికే లేనివాడికి ఇది చేసేదేమీ లేదు.

షాపాయన: అది నేనూ చెబుతాను. తిరునాళ్ళలో తారాజువ్వ కాదయ్యా, అంటించగానే లేవడానికి అని. బాగా నూనె తిండి తిన్నాక వేసుకుంటే ఆలస్యమవుతుందనీ చెబుతాను.

డాక్టరమ్మ: అసలుది చెప్పరు. నాలుక కింద పెట్టుకునే మాత్ర, సార్బిట్రేట్, అది కూడా ఆ నైట్రిక్ ఆక్సైడ్ దారిలోనే పనిచేస్తుంది. రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పోతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, ఇలాంటిదే ఇంకో మందు టాడలాఫిల్ అయితే 48 గంటల్లో, ఆ గుండె మాత్ర తగలకూడదు. ఇప్పుడు మన ఇళ్ళల్లో సంగతి చూడండి. ఆయనకి రాత్రి ఛాతీలో నొప్పి వస్తుంది. భార్య గాభరాపడి దేవుడి అలమరలోంచి సార్బిట్రేట్ తీసి నాలుక కింద పెడుతుంది. రెండు గంటల కింద ఆయన ఇంకో మాత్ర వేసుకున్నాడని ఆవిడకి తెలియదు. ఆస్పత్రిలో డాక్టరుకీ తెలియదు. ఆయన చెప్పడు. ప్రాణం పోతున్నా చెప్పడు.

(షాపాయన దీనికి జవాబివ్వలేదు. కౌంటరు మీద లేని దుమ్ము తుడిచాడు.)

డాక్టరమ్మ: ఇది ఒక ప్రమాదం. దీనికన్నా పెద్దది మీ మాత్ర బాగా పనిచేస్తే వచ్చేది. మీది కాలవ కింద వ్యవసాయమేగా?

షాపాయన: నాన్నగారి రోజుల్లో. రేపల్లె వైపు, శివారు భూములు.

డాక్టరమ్మ: కాలవలో నీళ్ళు తగ్గితే ముందు ఎండేది ఎవరి పొలం?

షాపాయన: మాదే. పైన వాళ్ళు ఊడ్పులు కూడా ముగించేవాళ్ళు, మాకు ఇంకా నారుమడి తడిసేది కాదు.

డాక్టరమ్మ: ఒంట్లో కూడా అంతే. గుండెకి రక్తం తెచ్చే నాళం 3, 4 మిల్లీమీటర్ల వెడల్పు. అక్కడిది 1, 2 మిల్లీమీటర్లు. కొవ్వు పూత, సిగరెట్టు, షుగరు నాళాలన్నిటినీ ఒకేలా పాడుచేస్తాయి గానీ సన్నటిది ముందు మూసుకుంటుంది. అందుకే చాలామందిలో గుండెనొప్పి రావడానికి రెండు నుంచి ఐదేళ్ళ ముందే ఇది మొదలవుతుంది. యాభై ఏళ్ళవాడు కొత్తగా ఈ ఇబ్బందితో వస్తే నేను ముందు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూస్తాను, గుండె సంగతి అడుగుతాను. మీరు చేస్తున్నదేమిటి? శివారు పొలానికి ఆయిలింజను పెట్టి ఉన్న నాలుగు నీళ్ళు తోడుతున్నారు. ఆ ఒక్క పొలం పచ్చగా ఉంటుంది. పైన కాలవ పూడిపోతోందని ఎవడూ చూడడు.

ఈ పోలిక షాపాయనకి తగిలిందని నాకనిపించింది. కానీ తగిలిన దెబ్బకి వంగే మనిషి కాడాయన. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

షాపాయన: బాగా చెప్పారు. ఇప్పుడు నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ దగ్గరికి రోజూ షుగరువాళ్ళు ఎంతమంది వస్తారు? పాదాలు చూస్తారు. కళ్ళు చూపించుకోమంటారు. కిడ్నీ పరీక్ష రాస్తారు. మీరే అన్నారు, షుగరు సన్న నాళాల్ని ముందు తింటుందని. మరి ఆ ప్రశ్న ఎప్పుడైనా మీరు అడిగారా?

డాక్టరమ్మ: అవసరమైనప్పుడు...

షాపాయన: మీ చీటీలన్నీ నా దగ్గరికే వస్తాయి డాక్టరమ్మా. పదకొండేళ్ళ చీటీలు. పాదాలకి రాసిన మందులున్నాయి, కళ్ళకి రాసినవున్నాయి. దీనికి రాసిన చీటీ ఒక చేతి వేళ్ళకి సరిపోతుంది. వాళ్ళంతా మీ దగ్గరే మందు వాడుతూ, దీనికి మాత్రం హెల్మెట్టు పెట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. మీరు అడగరు గనకనే వాళ్ళు చెప్పరు. మీరు అడగకపోతే అది జబ్బు కాదేమో, తమ తప్పేమో అనుకుంటారు.

(ఇక్కడ నేను ట్యూబులైటు వైపు చూస్తూ కూర్చున్నాను. నాకు ఆరేళ్ళుగా షుగరు. చూసేది ఈ డాక్టరమ్మే. మంచి డాక్టరు, చెయ్యి ఒడుపున్న డాక్టరు. పాదాల మీద పిన్నుతో గుచ్చి 'తెలుస్తోందా మాస్టారూ' అని ఆర్నెల్లకోసారి అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. నేనూ చెప్పలేదు.)

డాక్టరమ్మ: ...ఒప్పుకుంటున్నాను. అడగను. బయట బెంచీల మీద ముప్ఫైమంది ఉంటారు. లోపల చీటీ రాసే అమ్మాయి ఉంటుంది, తలుపు సరిగ్గా పడదు. పక్కన కొడుకో కోడలో నిలబడి ఉంటారు. అంతకంటే ముందు, ఏ మాటతో అడగాలో నాకే తెలియదు. నపుంసకత్వం అంటే తిట్టు. అంగస్తంభన అంటే గోడ మీది బోర్డు. ఇంగ్లీషువాళ్ళకీ ఈ పాట్లు తప్పలేదు. పాత మాటలో 'చేతకానివాడు' అనే అర్థం ఉందని 1992లో అమెరికా ఆరోగ్య సంస్థలో కూర్చుని మాట మార్చుకున్నారు. పనిచేయని అవయవం గురించి మాట్లాడాలి, పనికిరాని మనిషి గురించి కాదు అని.

షాపాయన: మన దగ్గర 'సంసారానికి పనికిరాడు' అంటారుగా. పెద్దమనుషుల్లో పెట్టి మరీ అంటారు.

డాక్టరమ్మ: అమెరికాలో మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ళ మగవాళ్ళని అడిగితే, 1994లో లెక్క తేలింది, 52 శాతానికి ఎంతో కొంత ఈ ఇబ్బంది ఉంది. సగానికి పైగా! పెద్దమనుషుల్లో కూడా సగం మంది అన్నమాట.

షాపాయన నవ్వాడు. డాక్టరమ్మా నవ్వింది. ఆ నవ్వుతో వాదన కాస్త చల్లబడుతుందనుకున్నాను గానీ ఆయన ఇంకో వైపు నుంచి వచ్చాడు.

షాపాయన: పెద్దవాళ్ళ సంగతి సరే. కుర్రాళ్ళకి ఏం కాలవ పూడింది? ఇరవై రెండేళ్ళవాడు, శోభనానికి ముందురోజు వస్తాడు. వాళ్ళకి ఒక మాత్ర ఇస్తే ధైర్యం వస్తుంది. తప్పేముంది?

డాక్టరమ్మ: ఆ ధైర్యమే తప్పు. భయపడ్డవాడి ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది, నాళాలు బిగుసుకుంటాయి. పరీక్ష రాసే పిల్లాడికి వచ్చిన జవాబు మరిచిపోయినట్టే. నిద్రలో, తెల్లవారుజామున మామూలుగా ఉంటోందంటే యంత్రం బాగున్నట్టే, బెదిరింది మనసు. ఇది తేల్చడానికి ఒకప్పుడు అమెరికా డాక్టర్లు పోస్టల్ స్టాంపులు వాడారు తెలుసా? రాత్రి పడుకునేముందు స్టాంపుల వరస చుట్టూ అంటించుకోవడం, పొద్దున్న చిల్లుల దగ్గర చిరిగాయేమో చూసుకోవడం. 1980లో పత్రికలో రాశారు. అలాంటివాడికి కావలసింది నాలుగు మాటలు. మొదటిసారే మీ మాత్రతో నెగ్గితే, రెండోసారి మాత్ర లేకుండా పడక దగ్గరికి పోలేడు.

షాపాయన: ఎక్కువమంది అడిగేది అది కూడా కాదు. 'తొందరగా అయిపోతోందన్నా' అంటారు.

డాక్టరమ్మ: ఎంత తొందర అని అడిగారా? ఫోన్లో చూసే బొమ్మల్లో అరగంట అనుకుంటారు. ఐదు దేశాల్లో 500 జంటలకి స్టాప్‌వాచీలిచ్చి కొలిపించారు, 2005లో అచ్చయింది. నడిమి లెక్క 5.4 నిమిషాలు. మొదటినుంచీ ఉండే జబ్బు అనేది ఒక నిమిషం చుట్టుపక్కలే ముగిసిపోతూ, ఆపుకోలేక, దానివల్ల బాధ పడుతుంటేనే. దానికీ దారులున్నాయి. ఆగి మళ్ళీ మొదలుపెట్టే సాధన 1956 నుంచీ ఉంది. డపాక్సెటిన్ మాత్రలున్నాయి, తిమ్మిరెక్కించే స్ప్రే ఉంది. ఇక ధాతువు పోతోంది, ఒళ్ళు కరిగిపోతోంది అని ఏడ్చే పిల్లల సంగతి. ఎన్.ఎన్. విగ్ అనే మన సైకియాట్రిస్టు 1960లోనే దానికి ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టారు. నలభై రక్తపు చుక్కలు కలిస్తే ఒక చుక్క అని అమ్మమ్మల కాలం నుంచీ వింటున్న మాట వాడి మెడకి చుట్టుకుంటుంది. ఒంట్లోంచి పోయేదేమీ లేదు. పోతున్నది నిద్ర. చాలామందిలో లోపల దిగులు జబ్బు దాగి ఉంటుంది, వైద్యం దానికి చెయ్యాలి.

షాపాయన: ఇవన్నీ స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం గారు రాసేవారుగా. మా షాపులోనే దాచుకుని చదివేవాళ్ళం, ఆ పేజీ చదివి ముందు పేజీ తిప్పి పెట్టేవాళ్ళం.

డాక్టరమ్మ: ఆయన చేసిన మేలు మా డాక్టర్లు వందమంది చెయ్యలేదు. పేరు రాయనక్కర్లేదు గనక జనం అడిగారు. మనకి కావలసిందీ అదే. సరే, ఇప్పుడు నా వంతు. ఇన్నేళ్ళలో మీ కౌంటరు దగ్గరికి ఈ విషయం మీద ఎంతమంది ఆడవాళ్ళు వచ్చారు?

షాపాయన చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు ఆలోచించాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

షాపాయన: ...ఒక్కరూ రాలేదు. ఆఁ, ఒకావిడ, యాభై ఏళ్ళుంటాయేమో, దురద క్రీము కోసం మూడుసార్లు వచ్చింది. మూడోసారి 'మంటకి కూడా ఏమైనా ఉందా బాబూ' అంది. 'మూత్రంలో మంటా అమ్మా' అన్నాను. అవునంది. అవునని ఎందుకందో ఇప్పుడర్థమవుతోంది.

డాక్టరమ్మ: నెలసరి ఆగిపోయాక అక్కడి చర్మం పలచబడుతుంది, తడి ఆరిపోతుంది. కలయిక అంటే గాజుపెంకుతో గీసినట్టుంటుందని ఒకావిడ నాతో చెప్పింది. ఎంత సులువైన వైద్యమో! నీటి ఆధారపు లూబ్రికెంటు, అవసరమైతే లోపల రాసే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము. రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్ళకి మాత్రం ముందు క్యాన్సరు డాక్టరుని అడగాలి. షుగరున్నవాళ్ళకి ఫంగసు మాటిమాటికీ వస్తుంది, షుగరు దించకుండా క్రీములు ఎన్ని రాసినా అంతే. మీరు ఆవిడ భర్తకి నీలం మాత్ర ఇచ్చారనుకోండి. ఆయన కుర్రాడైపోయాడు. ఆవిడ గతేమిటి?

షాపాయన: ఈ మాట ఎవరూ నాతో అనలేదు.

డాక్టరమ్మ: ఇంకొకటి. పెళ్ళయి ఐదేళ్ళు, పిల్లలు లేరని వస్తారు. స్కానింగులు, రక్తపరీక్షలు, మొక్కులు, అన్నీ అయి ఉంటాయి. ఆమెని ఒక్కదాన్నే కూర్చోపెట్టి అడిగితే తెలుస్తుంది, అసలు కలయికే జరగలేదని. భయానికి ఆమె కండరాలు తనకి తెలియకుండానే బిగుసుకుంటాయి, కనురెప్ప మూసుకున్నట్టు. వెజైనిస్మస్ అంటారు. అత్తగారు 'మొండి పిల్ల' అంటుంది. మొండితనం కాదది. కండరాలు వదులు చేసే వ్యాయామం, చిన్నదాని నుంచి పెద్దదానికి ఆమె చేతుల్తోనే వాడుకునే డైలేటర్లు, భర్తకి కూడా నాలుగు మాటలు. ఓపికగా చేస్తే చాలామంది బాగుపడతారు. ఇందులో మీ సొరుగులో దొరికేది ఏదీ లేదు.

షాపాయన: మందుల వల్ల కూడా వస్తుందంటారుగా? నేను ఇచ్చే మందుల్లోనే?

డాక్టరమ్మ: వస్తుంది. దిగులుకిచ్చే మాత్రల్లో కొన్ని కోరికని చల్లారుస్తాయి, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ. కొన్ని బీపీ మాత్రలు, ప్రోస్టేటు మాత్రలు కూడా. మందు మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు. కానీ వాళ్ళేం చేస్తారు? ఎవరికీ చెప్పకుండా మానేస్తారు. మీ దగ్గర రెండు నెలలుగా షీటు కొనని బీపీ పేషెంటుని ఒకసారి ఆపి అడగండి. ఇంకో మాట, జిమ్ముల దగ్గర టెస్టోస్టెరాన్ సూదులు. రక్తంలో తక్కువుందని పొద్దుటిపూట రెండుసార్లు పరీక్షలో తేలినవాడికే అది. ఊరికే పొడిపించుకుంటే వీర్యకణాలు పడిపోతాయి. తండ్రి కావాలనుకునేవాడికి అది విషం.

షాపాయన: మాత్రలు పనిచెయ్యనివాళ్ళకి?

డాక్టరమ్మ: వాక్యూం పంపు ఉంది, సూది ఉంది, ఆఖరికి ఆపరేషను చేసి లోపల అమర్చేవి ఉన్నాయి. అక్కడిదాకా వచ్చేవాళ్ళు కొద్దిమంది. మిగతావాళ్ళకి ముందు సిగరెట్టు, షుగరు, పొట్ట తగ్గాలి. ఏదైనా గానీ, ముందు ఎవరో ఒకరు అడగాలి.

షాపాయన: చీటీ మాత్రం నేను అడగను డాక్టరమ్మా. అడిగితే వెళ్ళిపోతారు. కావాలంటే ఒక కాగితం రాసివ్వండి, కౌంటరు మీద అంటిస్తాను.

ఆవిడ తన చీటీల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాసింది: 'అంగస్తంభన సమస్యకు ఔషధము కోరువారు క్రింది వివరములు తెలుపగలరు.' షాపాయన కళ్ళద్దాలు పైకి నెట్టి చదివి, పెన్ను తీసుకుని అడ్డంగా కొట్టేశాడు. 'ఇది తహసీల్దారు నోటీసు. దీని ముందు ఎవడూ నిలబడడు' అంటూ కింద తానే రాశాడు: 'నాలుక కింద మాత్ర ఇంట్లో ఉందా?' రెండో వరస ఇద్దరూ కలిసి రాశారు: 'షుగరు ఎప్పుడు చూపించుకున్నారు?' మూడోదానికి పేచీ వచ్చింది. 'మేడ మీదికి రండి' అని ఆవిడ. టైము వెయ్యకపోతే రారని ఆయన. చివరికి 'రాత్రి ఎనిమిదిన్నర దాటాక, లోపల డాక్టరు ఒక్కరే ఉంటారు' అని పడింది.

'ఆడవాళ్ళకి ఏం రాస్తారు?' అన్నాను. నేను నోరు తెరిచింది అప్పుడే.

ఇద్దరూ నా వైపు చూశారు. షాపాయన తల అడ్డంగా ఊపాడు. 'అది నా కౌంటరు మీద కాదు మాస్టారూ. పైన, బరువు చూసే తెర వెనక అంటించాలి. మొగుడు ఆ తెర దాటి రాడు.'

డాక్టరమ్మ ఇంకో కాగితం చింపింది గానీ ఏమీ రాయలేదు. మడిచి బ్యాగులో పెట్టుకుంది. వాన తగ్గింది, కరెంటు మాత్రం ఇంకా రాలేదు. షట్టరు కింద నుంచి వంగి బయటికి పోతూ ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది.

'మాస్టారూ, రేపు మీ పాత రిపోర్టులు పట్టుకురండి' అంది. 'పొద్దున్న వద్దు. ఎనిమిదిన్నర దాటాక.'